మెతుకుసీమలో గోథిక్ గోపురం

విహారయాత్ర అనగానే మన కాలేజీల్లో అరకులోయ, ఊటీ, లేకపోతే హైదరాబాదు అన్న పేర్లే ముందుగా వినిపిస్తాయి. బస్సు మాట్లాడుకోవడం, గొంతు పోయేదాకా పాటలు పాడుకోవడం, ఫోటోలు దిగడం, తిరిగి రావడం. ఆ వయసుకు ఆ ముచ్చట ఉండాల్సిందే. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే రెండు మూడు రోజుల సెలవు చేతిలో ఉన్నప్పుడు ఒకే ఒక ఊరికి వెళ్లి, ఆ ఊరిని పుస్తకం చదివినట్టు నిదానంగా చదివి రావడం కూడా విహారమే. అటువంటి ఊరు ఒకటి మన తెలుగునేల మీదే ఉంది. అది మెదక్. అక్కడి చర్చిని గురించీ, దాన్ని ఏ కళ్లతో చూడాలన్న సంగతిని గురించీ విద్యార్థి మిత్రులకు నాలుగు మాటలు చెప్పడానికే ఈ వ్యాసం.

ఇంగ్లండువాళ్ల అలవాటు

ఇంగ్లండులో రెండు రోజుల సెలవు కలిసివస్తే ఏదో ఒక పాత కేథడ్రల్ పట్నానికి వెళ్లి రావడం చాలామందికి అలవాటు. కాంటర్‌బరీ, శాలిస్‌బరీ, లింకన్, డరమ్, యార్క్, వెల్స్ ఆ కోవలోని ఊళ్లే. ఊరి నడుమ ఒక మహా చర్చి, దాని చుట్టూ పచ్చిక, పాత ఇళ్లు, ఒక ప్రహరీ. ఈ ఆవరణను వాళ్లు ‘క్లోజ్’ అంటారు. మన గుడి చుట్టూ మాడవీధులు ఎలాగో, వాళ్ల చర్చి చుట్టూ క్లోజ్ అలాగన్నమాట. పొద్దున్న గోపురం ఎక్కి, మధ్యాహ్నం వీధులు తిరిగి, సాయంత్రం ప్రార్థనలో పాటలు విని, టీ తాగి ఇంటిదారి పడతారు. మనవాళ్లు అన్నవరమో సింహాచలమో వెళ్లి, దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, కొండమీద కాసేపు చల్లగాలికి కూర్చుని వచ్చినట్టే. భక్తి ఉన్నవాడికి భక్తి, లేనివాడికి కాలక్షేపం, ఇద్దరికీ కాస్త చరిత్ర.

ఇంతకీ కేథడ్రల్ అంటే ఏమిటి? పెద్ద చర్చి అని మనలో చాలామంది అనుకుంటాం. అది సరికాదు. ‘కథెడ్రా’ అంటే గ్రీకు, లాటిన్ భాషల్లో కుర్చీ. బిషప్పు కూర్చునే పీఠం ఏ చర్చిలో ఉంటే అది కేథడ్రల్. భవనం ఎంత పెద్దదైనా పీఠం లేకపోతే కేథడ్రల్ కాదు. ఎంత చిన్నదైనా పీఠం ఉంటే అవుతుంది. 1540 ప్రాంతంలో ఎనిమిదో హెన్రీ రాజు కొత్త బిషప్పు పీఠాలు నెలకొల్పి, ఆ ఊళ్లకు ‘సిటీ’ హోదా ఇచ్చాడు. అప్పటినుంచి కేథడ్రల్ ఉన్న ఊరే సిటీ అన్న భావం అక్కడ స్థిరపడింది. 1889లో బర్మింగ్‌హామ్‌కు ఆంగ్లికన్ కేథడ్రల్ లేకుండానే సిటీ హోదా దొరకడంతో ఆ ముడి తెగింది. అయినా పాత గౌరవం పోలేదు. సుమారు 12 వేల జనాభా ఉన్న వెల్స్ ఇప్పటికీ సిటీయే. మన గాజువాకలో ఒక మూలకు సరిపోయే ఊరది!

ఈ కుర్చీ సంగతి గుర్తుపెట్టుకోండి. మెదక్ కథ అర్థం కావాలంటే ఇది అవసరం.

మల్కాపురం నుంచి మెదక్ దాకా

మాది మల్కాపురం. ఒకవైపు షిప్‌యార్డు, ఇంకోవైపు ఆయిల్ రిఫైనరీ, మధ్యలో మేము. షిఫ్టు సైరన్‌ను బట్టి అన్నం వండుకునే ఇళ్లు మావి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కూలిపనికి వచ్చి, ఓడల పనిలో కుదురుకుని, ఇక్కడే రిటైరైనవాడు. ఈ మాట ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఎంత గొప్ప కట్టడం చూసినా ‘దీన్ని ఎవరు మోశారు?’ అన్న ప్రశ్న నాకు ముందు వస్తుంది. అది మా పేట నేర్పిన చదువు.

మావైపు నుంచి మెదక్ వెళ్లడం కష్టమేమీ కాదు. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం విశాఖలో ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదులో దింపుతుంది. పగలే ప్రయాణం చేయాలనుకునేవారికి 2023 జనవరి నుంచి వందేభారత్ రైలు ఉంది. సికింద్రాబాదు నుంచి మెదక్ సుమారు 100 కిలోమీటర్లు. జూబ్లీ బస్‌స్టేషన్‌లో బస్సు ఎక్కవచ్చు. రైలే కావాలంటే, 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుంచి మెదక్‌కు కొత్త లైను తెరిచారు. కాచిగూడ నుంచి ఆ దారిన వెళ్లవచ్చు. అంతవరకూ ఇంత పేరున్న ఊరికి రైలు లేదంటే నమ్మబుద్ధి కాదు. మరో విచిత్రం, పేరుకు మెదక్ జిల్లా అయినా చాలాకాలం జిల్లా కేంద్రం సంగారెడ్డి. 2016 అక్టోబరులో తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడే మెదక్ పట్టణం తన పేరున్న జిల్లాకు తాను కేంద్రమయింది.

బస్సు ఊరికి చేరువవుతుండగానే పొలాల మీదుగా గోపురం కనిపిస్తుంది. ఎత్తు 175 అడుగులు, అంటే 53 మీటర్లు. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. లోపల సుమారు 5 వేల మంది పడతారు. చుట్టూ మేడలు లేని మైదానంలో నిలబడడం వల్ల ఉన్న ఎత్తు కంటే ఇంకా ఎత్తుగా కనబడుతుంది. శాలిస్‌బరీ గోపురం 404 అడుగులు, దాని ముందు ఇది చిన్నదే. కానీ శాలిస్‌బరీ ప్రధాన కట్టడానికి 1220 నుంచి 1258 దాకా 38 ఏళ్లు పట్టింది. మెదక్ చర్చి 1914లో మొదలై 10 ఏళ్లలో లేచింది. అదీ మొదటి ప్రపంచ యుద్ధం, కరువు, 1918 నాటి విషజ్వరం అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డ పదేళ్లలో.

కరువులో కట్టిన గుడి

కట్టించినది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లీషు మెథడిస్టు మిషనరీ. 19వ శతాబ్దం చివర సికింద్రాబాదుకు వచ్చి, తరువాత మెదక్ చేరాడు. అప్పుడది నిజాం రాజ్యం. కరువు రోజుల్లో జనం అన్నానికి అలమటిస్తుంటే, ఊరకే గంజి పోసే బదులు పని కల్పించి, ఆ పనికి తిండిగింజలు ఇద్దామని ఈ కట్టడాన్ని తలపెట్టాడని మెదక్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. రాయి అక్కడి నేలలోదే, బూడిదరంగు నల్లరాయి. దాన్ని పగలగొట్టినవాళ్లు, చెక్కినవాళ్లు, తట్టలతో మోసినవాళ్లు చుట్టుపక్కల పల్లెల జనం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి.

ఇక్కడ ఊరి పేరును గమనించాలి. మెదక్ అన్న పేరు ‘మెతుకు’ నుంచి వచ్చిందని స్థానికుల మాట. ఒకప్పుడు వరి బాగా పండే సీమ కాబట్టి మెతుకుసీమ అన్నారట, కోటను మెతుకుదుర్గం అన్నారట. మెతుకు పేరు పెట్టుకున్న ఊళ్లో మెతుకు కోసం రాళ్లు మోసి కట్టిన చర్చి ఇది. ఇంతకంటే సూటిగా ఏ శిలాశాసనం చెప్పగలదు?

కరువుపనులు పాస్నెట్ కొత్తగా కనిపెట్టినవి కావు. లక్నోలో 1784లో నవాబు అసఫుద్దౌలా బడా ఇమాంబాడా కట్టించడం మొదలుపెట్టింది కరువులో జనానికి పని చూపించడానికే. మద్రాసులో కూవం, అడయారు నదులను కలుపుతూ బకింగ్‌హామ్ కాలువను పొడిగించినది 1877-78 కరువు పనుల కిందనే. కరువు అనగానే దేశంలో గింజ లేదని మనం అనుకుంటాం. చాలాసార్లు గింజ ఉంటుంది. కొనే శక్తి ఉండదు. వాన లేకపోతే ముందు పోయేది వ్యవసాయ కూలీ పని. పని పోతే కూలి పోతుంది. కూలి పోతే అంగట్లో బియ్యం ఉన్నా పొయ్యి వెలగదు. ఈ సంగతినే అమర్త్యసేన్ 1981లో కరువుల మీద రాసిన పుస్తకంలో శాస్త్రీయంగా వివరించాడు. కాబట్టి పని కల్పించి గింజలివ్వడం అన్నది తెలివైన ఆలోచనే; దానివల్ల ప్రాణమూ నిలుస్తుంది, చేయి చాచవలసిన అవమానమూ తప్పుతుంది.

కానీ ఎంత ఇచ్చారన్న ప్రశ్న కూడా ఉంటుంది. 1877లో మద్రాసు రాజధానిలో సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసు చేసిన కరువుకూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. బక్కచిక్కిన మనిషి ఎండలో రోజంతా మట్టి మోస్తే ఆ తిండి చాలదని అప్పుడే డాక్టర్లు ఎదురుతిరిగారు. కరువుపనికి ఎప్పుడూ ఈ రెండు ముఖాలు ఉంటాయి. ఒకవైపు నుంచి చూస్తే దానం, ఇంకోవైపు నుంచి చూస్తే చౌకగా దొరికిన కూలి. మెదక్ చర్చిని దయకు గుర్తుగానే చూపించేవాళ్లున్నారు. నేను కాదనను. అయితే గింజలు ఇచ్చినవాడి పేరు అందరికీ తెలుసు. గింజల కోసం రాయి మోసినవాడి పేరు ఎక్కడా లేదు. దయనూ చెమటనూ కలిపి చూసినప్పుడే ఆ కట్టడం మనకు పూర్తిగా కనబడుతుందని నా అభిప్రాయం.

చర్చి గేటు దగ్గర టీ తాగుతుంటే పక్కన కూర్చున్న డెబ్బై ఏళ్ల పెద్దాయన మాట కలిపాడు.

“ఏ ఊరు సారూ మీది?”

“విశాఖపట్నం దగ్గర మల్కాపురమండీ.”

“గంత దూరంకెళ్లి దీన్ని సూడనీకొచ్చిండ్రా? మా తాత గీ రాళ్లు మోసిండంట సారూ. పైసలు గాదు, గింజలిచ్చిండ్రంట. పొద్దుందాక మోస్తె రాత్రికి ఇంట్ల అందరు బువ్వ తిన్నరంట.”

“తాతగారి పేరు ఎక్కడైనా రాసి ఉందాండీ?”

ఆయన నవ్వాడు. “కూలోల్ల పేర్లు యాడన్న రాస్తరా సారూ?”

అంతకుమించి ఆయన ఏమీ అనలేదు. ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా లేదు. ఎండ పొడ మారగానే లేచి వెళ్లిపోయాడు.

గోథిక్ అంటే ఏమిటి?

ఇంజనీరింగు విద్యార్థులకు ఈ భాగం. మెదక్ చర్చిది గోథిక్ శైలి. ఐరోపాలో 12వ శతాబ్దంలో పుట్టి, 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మళ్లీ ప్రాణం పోసుకున్న శైలి ఇది. దీన్ని గుర్తుపట్టడం సులువు. కమానులు గుండ్రంగా కాక, చేతులు జోడించినట్టు పైన కొనదేలి ఉంటాయి. అది అందం కోసం మాత్రమే చేసిన పని కాదు. గుండ్రటి కమాను తన మీది బరువును పక్కలకు ఎక్కువగా నెడుతుంది. ఆ నెట్టుడికి ఆగాలంటే గోడలు మందంగా ఉండాలి, కిటికీలు చిన్నవిగా ఉండాలి. కొనదేలిన కమాను బరువును నిలువుగా కిందికి దించుతుంది, పక్కలకు నెట్టుడు తగ్గుతుంది. మిగిలిన కొద్దిపాటి నెట్టుడును గోడకు బయట ఆనించి కట్టిన ఊతగోడలు పట్టుకుంటాయి. దాంతో గోడలో పెద్ద పెద్ద కిటికీలు పెట్టుకోవచ్చు. ఒక్కమాటలో చెప్పాలంటే, రాతికట్టడంలోకి వెలుగును తీసుకురావడానికి దొరికిన ఉపాయమే గోథిక్ కమాను.

ఆ వెలుగు కోసం పెట్టినవే రంగు అద్దాల కిటికీలు. మెదక్‌లో ఇవి మూడు. మూడూ ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసినవే. పీఠం వెనుక ఉన్నదానిలో క్రీస్తు ఆరోహణం, అది 1927 నాటిది. పడమటి పక్కదానిలో క్రీస్తు జననం, 1947 నాటిది. తూర్పు పక్కదానిలో శిలువ ఘట్టం, 1958 నాటిది. అంటే చర్చి ప్రతిష్ఠ తరువాత కూడా మూడు దశాబ్దాలకు పైగా ఈ పని సాగిందన్నమాట. రంగు గాజును ముక్కలుగా కోసి, సీసపు పట్టీలతో అతికి, ముఖాలూ బట్టల మడతలూ గాజు మీద రాసి, కొలిమిలో కాల్చి వీటిని తయారుచేస్తారు. మామూలు చిత్రం మీద వెలుగు పడి మన కంటికి తిరిగివస్తుంది; ఇక్కడ వెలుగు చిత్రం గుండా దూరి వస్తుంది. అందుకే పొద్దుగూకగానే లోపలివాళ్లకు బొమ్మ మాయమై నల్లటి అద్దం మిగులుతుంది. గైడు దీన్ని మహిమ అని చెప్పినా చెప్పవచ్చు, ఇది భౌతికశాస్త్రమే. తూర్పు కిటికీని ఉదయమూ, పడమటి కిటికీని మధ్యాహ్నం తరువాతా చూడాలి. మధ్యలో ఒక్క గంట వెళ్లి వచ్చేవాడు సగమే చూస్తాడు.

ఇంకొక చిన్న సంగతి, మా షిప్‌యార్డు పిల్లలకు నచ్చేది. చర్చిలో జనం కూర్చునే పొడవాటి నడిమి భాగాన్ని ఇంగ్లీషులో ‘నేవ్’ అంటారు. అది లాటిన్ ‘నావిస్’ నుంచి వచ్చింది. నావిస్ అంటే ఓడ. మన ‘నావ’కూ ఆ మాటకూ మూలం ఒకటే. మెదక్ చర్చిలో నిలబడి తలెత్తి చూడండి. పొడవుగా వంపు తిరిగిన ఆ పైకప్పు బోర్లించిన ఓడ అడుగులా ఉంటుంది. ఓడ అడుగును రోజూ చూసే పేట నుంచి వెళ్లినవాడికి అది పరాయి కట్టడంగా అనిపించదు.

కుర్చీ ముందా, ఇల్లు ముందా?

మళ్లీ కుర్చీ దగ్గరికి వద్దాం. 1924లో మెదక్ చర్చి పూర్తయినప్పుడు అది కేథడ్రల్ కాదు. ఎందుకంటే బ్రిటిష్ మెథడిస్టు సంఘంలో బిషప్పులే లేరు. బిషప్పు లేనిచోట పీఠం ఎక్కడిది? 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే మనం సీఎస్ఐ అనేదిగా, ఏర్పడ్డాయి. అప్పుడు మెదక్‌కు బిషప్పు వచ్చాడు, చర్చి కేథడ్రల్ అయింది. 23 ఏళ్లపాటు ఇల్లు కుర్చీ కోసం ఎదురుచూసిందన్నమాట.

దీనికి సరిగ్గా ఎదురుకథ దోర్నకల్‌ది. విజయవాడ నుంచి వరంగల్ వెళ్లే లైనులో, ఖమ్మం దాటాక వచ్చే జంక్షన్ అది. మన హైదరాబాదు రైళ్లు ఆ ఊరి మీదుగానే పోతాయి. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన పీఠం దోర్నకల్. కానీ అక్కడి ఎపిఫనీ కేథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న. ఇక్కడ 26 ఏళ్లు కుర్చీ ఇల్లు కోసం ఎదురుచూసింది.

కట్టిన తీరులో కూడా తేడా ఉంది. మెదక్‌లో ఇంగ్లండు గోథిక్. నేలమీది రంగు పలకలు కూడా బ్రిటన్ నుంచి తెప్పించినవే. దోర్నకల్‌లో అజరయ్య మసీదుల్లో కనిపించే గుమ్మటాలనూ, మన దేవాలయాల్లోని స్తంభాల తీరునూ కలిపి కట్టించాడు. క్రైస్తవం ఈ నేలలో వేరుపట్టాలంటే ఈ నేల రూపం ధరించాలన్నది ఆయన నమ్మకం. ఏది గొప్పది అని పందెం వేసుకోనక్కరలేదు. రెండూ చూస్తేనే ఒకదాని సంగతి మరొకటి చెబుతుంది.

ఈ రెంటినీ కలిపేది మళ్లీ గింజే. అజరయ్య అధ్యక్షతలోని పల్లె సంఘాల్లో ఎక్కువమంది నిరుపేద మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు అన్నం వండబోయే ముందు గుప్పెడు బియ్యం తీసి సంఘం కోసం వేరే కుండలో వేసేవారు. డబ్బు లేనివాళ్ల కానుక అది. మెదక్‌లో గింజ కూలిగా వచ్చింది. దోర్నకల్‌లో గింజ కానుకగా వెళ్లింది. తీసుకున్న చేతులూ ఇచ్చిన చేతులూ ఒక్కలాంటి చేతులే.

చూసేవారికి కొన్ని సూచనలు

మెదక్‌కు రెండు రోజులు కేటాయిస్తే చాలు. మొదటి రోజు చర్చి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం తరువాత ఒకసారి. రెండో రోజు పొద్దున్నే కోట ఎక్కండి. కాకతీయుల కాలం నాటి కొండకోట అది. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం దాటి పైకి వెళితే ధాన్యపు కొట్లు, కుతుబ్‌షాహీల కాలపు 17వ శతాబ్దం మసీదు కనిపిస్తాయి. కోట మీద నుంచి చూస్తే కింద పొలాలు, వాటి నడుమ చర్చి గోపురం. ఒక కాలంలో గింజను కొండమీద దాచారు. ఇంకో కాలంలో గింజ కోసం గోపురం ఎత్తారు. ఓపిక ఉంటే మంజీరా నది పాయలుగా చీలే ఏడుపాయల దగ్గర వనదుర్గ అమ్మవారిని చూడవచ్చు; శివరాత్రికి అక్కడ పెద్ద జాతర. పోచారం అభయారణ్యం కూడా దగ్గరే.

క్రిస్మస్‌నాడు వెళితే జనాన్ని చూస్తారు, చర్చిని చూడలేరు. ఎడ్లబళ్ల కాలం నుంచీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, అన్ని మతాలవాళ్లూ, ఆ పూట అక్కడికి చేరడం అలవాటు. కట్టడం చూడాలనుకునేవారు మామూలు రోజుల్లోనే వెళ్లాలి. ఆదివారం ఉదయం ప్రార్థన జరుగుతుంటే కెమెరాలు పట్టుకుని లోపల తిరగడం మర్యాద కాదు. వినాలనుకుంటే వెనక వరసలో కూర్చుని వినండి, ఎవరూ పొమ్మనరు.

గైడ్లు చెప్పేది వినండి కానీ లెక్క చూసుకోండి. ‘ప్రపంచంలో వాటికన్ తరువాత రెండో పెద్ద డయోసిస్’ అన్న మాట మెదక్ గురించి పుస్తకాల్లో, పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. డయోసిస్ అంటే బిషప్పు అధికార పరిధి, భవనం కాదు. వాటికన్ రోమన్ కాథలిక్కులది, మెదక్ సీఎస్ఐ వారిది. రెండు వేరు సంఘాల్లో, రెండు వేరు వస్తువులకు ఒకే కొలబద్ద పెట్టడం కుదరదు. రెండో స్థానం ఇవ్వకపోతే మెదక్ గొప్పతనం తగ్గిపోతుందా? ఉన్న నిజం చాలు దానికి.

ఇక ప్రయాణం ఎలా చేయాలో నేర్చుకోవాలంటే మన తెలుగులోనే మంచి గురువున్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో మద్రాసు నుంచి కాశీ వెళ్లివచ్చి రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. దేవుళ్లను చూసిన సంగతి ఒక్కటే కాదు. ఏ ఊళ్లో బియ్యం దొరుకుతుంది, నీళ్లు ఎలా ఉన్నాయి, బాట ఎలా ఉంది, జనం ఏ పని చేసుకుని బతుకుతున్నారు అన్నవన్నీ రాసిపెట్టుకున్నాడు. ఫోటో తీసే యంత్రం లేని కాలంలో ఆయన చూసినంత, చేతిలో ఫోను ఉన్న మనం చూడడం లేదేమో ఆలోచించండి.

మన ఊరి సంగతి

మెదక్ నుంచి వచ్చినప్పటి నుంచీ నాకు మా ఊరు వేరుగా కనబడుతోంది. విశాఖ రేవును 1933లో వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రారంభించాడు. షిప్‌యార్డుకు 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు. ‘జల ఉష’ ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి వదిలాడు. మా పక్కనున్న రిఫైనరీని కాల్‌టెక్సువారు 1957లో నెలకొల్పారు. ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. ఇవన్నీ పరీక్షకు చదువుకుంటాం. కానీ రేవు తవ్విన బురదలో దిగినవాళ్లు ఎవరు? ‘జల ఉష’కు రేకులు అతికినవాళ్లు ఎవరు? ఏ ఊళ్ల నుంచి వచ్చారు, ఎంత కూలికి వచ్చారు, ఎక్కడ పాకలు వేసుకున్నారు? మెదక్ తాతలాగే వాళ్లూ పేర్లు లేనివాళ్లే.

మా నాన్న ఒక మాట అనేవాడు, “ఓడకు పేరు పెడతారురా, కాయ కొట్టినవాడికి కాదు” అని. కాయ కొట్టడమంటే రివెట్టు కొట్టడం. ఆయన అది కోపంగా అన్నది కాదు, అలా జరుగుతుందని చెప్పిన మాట. కానీ అలాగే జరగాలని నియమమేమీ లేదు కదా.

మెదక్ రాళ్లు మోసినవాళ్లను అడగడానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. మనవలు చెప్పే మాటలే ఉన్నాయి. మనకింకా కొంత వ్యవధి ఉంది. రిఫైనరీ తొలిరోజుల్లో పనిచేసినవాళ్లు ఒకరిద్దరు, ఉక్కు ఫ్యాక్టరీ పునాదులు తవ్వినవాళ్లు ఎంతోమంది మన వీధుల్లోనే ఉన్నారు. మల్కాపురంలో, శ్రీహరిపురంలో, గాజువాకలో సాయంత్రం అరుగుల మీద కూర్చుని కనిపిస్తారు. అందులో కొందరు మీ తాతలే.

కాబట్టి యూనియన్ మిత్రులకు నా మనవి ఇది. ఈసారి విహారయాత్రకు మెదక్ వెళ్లండి, దారిలో వీలైతే దోర్నకల్‌లో దిగండి. వెళ్లేముందు మాత్రం ప్రతి విద్యార్థీ తన ఇంట్లోనో, వీధిలోనో ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని మూడు ప్రశ్నలు అడిగి రాసుకోవాలి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఇక్కడ ఏమి కట్టారు, మొదటి కూలి ఎంత? పేరు, ఊరు, పని, కూలి, నాలుగు పంక్తులు చాలు. వచ్చే సంవత్సరం సంచికలో నాలుగు పేజీలు వాటికి కేటాయించమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. ఒక్కో పేజీకి ఇరవై పేర్లు పట్టినా, ఇంతవరకూ ఎక్కడా అచ్చుకాని ఎనభై పేర్లు మన సంచికలో ఉంటాయి.